వడ్డన వరుసలో కమల

జగ్గయ్యపేట

కమలా,

ఫోనులో చెప్పే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను. మా పెళ్లి క్యాసెట్టును నందిగామ స్టూడియోలో ఇచ్చి ఫోనులోకి ఎక్కించుకున్నాం. బంధువులందరూ చూసేలా యూట్యూబులో పెడదామని మావారు అంటే, ముందు నేను మొత్తం చూశాను.

భోజనాల దగ్గర నువ్వు కనిపించావు. కొంగు నడుముకు దోపుకొని, మా మేనమామ వద్దంటున్నా బూరెలు వడ్డిస్తున్నావు.

మా పెళ్లికి నువ్వు రాలేదని ఇరవై ఏడేళ్లు అలిగాను. "వచ్చానే, వడ్డించేవాళ్లు చాలక అక్కడే ఉండిపోయా" అని నువ్వెన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. "ఆవిడ మనవాళ్లందరికీ అన్నం పెడితే నువ్వు మాట్లాడటం మానేశావా?" అని మావారు ఒకటే నవ్వు.

తప్పు నాదే. వీడియో ఇంకా ఎవరికీ పంపలేదు. ఆదివారం చందర్లపాడు వస్తున్నాను, ముందు మనిద్దరం చూద్దాం. మీ అమ్మాయి పెళ్లి వీడియో కూడా తీసి ఉంచు. ఆ పెళ్లికి నిజంగా రానిదాన్ని నేనే.

నీ స్నేహితురాలు