సున్నా చూసుకున్నారా?

ఆదివారం, ఏలూరు

ఇంజనులోకి గాలి నెట్టే టర్బో పోయింది, కారు అమ్మేసుకోమని మెకానిక్ చెప్పినప్పటి నుంచి మనసు మనసులో లేదు. మూడు వారాలు కూర్చుని ఆ గాలి ఒత్తిడి చూడ్డానికి నేనే తయారుచేసిన బూస్ట్ మీటరైనా నిజం చెబుతుందనుకుంటే, ఇంజను ఆపి ఉండగానే పద్నాలుగు చూపించింది! కోపమొచ్చి వైర్లు పీకేయబోయాను.

అప్పుడే ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చిన సుజాత, "ఏవండీ, బీపీ చూసేముందు మేం ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకుంటామండీ. మీరు చూసుకున్నారా?" అంది.

ఎక్కడ చూసుకున్నాను! ఆ పద్నాలుగు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడే. మీటరు ప్రోగ్రాంలో దాన్ని తీసేయగానే తెర మీద సున్నా వచ్చింది.

సాయంత్రం గుండుగొలను దాకా వెళ్లాం. నేను యాక్సిలరేటర్ తొక్కుతుంటే, తను నాడి చూస్తున్నట్టు అంకెలు చదివింది. "నాలుగు... తొమ్మిది... పన్నెండండీ! అయ్యో, ఎనిమిదికి పడిపోయిందండీ."

అంటే టర్బో పనిచేస్తోంది. ఎక్కడో గొట్టం గాలి వదులుతున్నట్టుంది.

"ఆయాసమేనండీ, ప్రాణం పోలేదు," అంది సుజాత.

రేపు గొట్టాలకి సబ్బునీళ్లు పూసి చూడాలి. అమ్మకానికని తీసిన కారు ఫోటోలు ఇందాకే ఫోన్లోంచి చెరిపేశాను. లీకు దొరక్కముందే తొందరపడ్డానేమో...