మూడు భాగాల కాగితం

అక్కా,

ఇన్నేళ్ళుగా బళ్ళో పాఠాలు చెబుతున్నదానివి, ఇది నువ్వే తేల్చాలి. టీచర్లకు తోడుగా ఉండి పాఠాలు మెరుగుపరచడమే కదా నా కొత్త ఉద్యోగం. ఇక్కడి లెక్కల టీచరు నేను గదిలో అడుగుపెట్టగానే సుద్దముక్క నా చేతిలో పెట్టి, "మీరే చెప్పండి మేడమ్" అని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడేది. అది మర్యాదో, ఎత్తిపొడుపో అంతుపట్టేది కాదు. నేనూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఒక్క తప్పూ దొర్లకుండా చెప్పేదాన్ని. ఆవిడ ముఖం ఇంకా ముడుచుకునేది.

నిన్న భిన్నాల పాఠం. కాగితాన్ని మూడు సమాన భాగాలుగా మడిచి చూపిస్తానన్నాను. విప్పితే నాలుగొచ్చాయి. పిల్లలు గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మాత్రం నవ్వుతూ వచ్చి, "నాకూ ఇక్కడే తేడా కొడుతుందండీ. ఆ కొస పట్టుకోండి, ఇద్దరం కలిసి మడుద్దాం" అంది. గంట కొట్టేదాకా ఇద్దరమూ కలిసే చెప్పాం. వచ్చేస్తుంటే, "మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని మొదటిసారి అడిగింది.

సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియడం లేదు. సోమవారం మళ్ళీ వెళ్ళాలి. నిజం చెప్పు అక్కా, పాఠానికి బాగా తయారయ్యే వెళ్ళనా, తయారవకుండా వెళ్ళనా?

నీ చెల్లి