తలా ఒక మాట

ఆగస్టు 4, సోమవారం

నేను గదిలోకి అడుగుపెట్టగానే మాటలు ఆగాయి. మళ్ళీ.

నర్సు కరుణ కట్ల గాజుగుడ్డ మడత పెడుతోంది. దీవెనమ్మ గారు కిటికీలోంచి చూస్తున్నారు. డ్రైవరు ప్రకాశం టీ గ్లాసుతో లేచి నిలబడ్డాడు. ఎందుకు లేవడం? రోజూ లేవడే.

ఉదయం బైబిలు వాక్యం, తన గొర్రెలను ఎరిగిన మంచి కాపరి గురించి. మంచం పట్టిన రోగుల ఇళ్ళకు తిరిగే వాళ్ళం, బయల్దేరే ముందు వాక్యం చదువుకోవాలని నేనే పెట్టాను. చదువుతున్నానే గానీ కళ్ళు ముగ్గురి మొహాల మీద. వీళ్ళలో ఎవరు?

శనివారం మా చర్చి కమిటీ ప్రెసిడెంట్ గారి ఫోను— "ఎస్తేరమ్మా, రోగుల ముందే స్టాఫ్ మీద అరుస్తున్నావటగా. కాస్త చూసుకోమ్మా."

ఎవరన్నారని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడిగితే చిన్నబోతాననిపించింది.

ఆగస్టు 5

వ్యాన్ వెనక సీట్లో కరుణ, ఫోనులో. "అవునత్తయ్యా… లేదత్తయ్యా…" చల్లపల్లి దాటేదాకా అదే. అత్తయ్యేనా?

ఇన్‌ఛార్జి పని తనకొస్తుందని అందరూ అనుకున్నారు. నేను కూడా. వేసవిలో కమిటీ నా పేరు చదివినప్పుడు మొదట చప్పట్లు కొట్టింది కరుణే. అంత గట్టిగా ఎందుకు కొట్టిందో.

ఆగస్టు 7, గురువారం

హంసలదీవి. నాంచారయ్య గారి దవడ పుండు ఇంకా పెరిగింది. చేపల వేటకెళ్ళే మనిషి, ఇప్పుడు చాప మీంచి లేవలేడు. కరుణ కట్టు విప్పుతోంది. నెమ్మదిగా, మరీ నెమ్మదిగా. కిందటి నెల ఇక్కడే కదా నేను కేకలేసింది— "అవతల ఇంకా మూడిళ్ళున్నాయి, చేతులు కదపవేం!"

ఈరోజు ఒక్క మాట కూడా అనలేదు. మోసుకెళ్ళడానికి ఎవరికీ ఏమీ దొరక్కూడదు.

కోటమ్మ గారు భర్త తలాపున నిలబడి నా వంకే చూస్తున్నారు.

నొప్పి మాత్రలు వచ్చే గురువారం దాకా ఇచ్చాం.

ఆగస్టు 8

ఒక ఆలోచన. ముగ్గురికీ తలా ఒక మాట చెప్పడం. ఎవరికీ చెప్పొద్దనడం. ప్రెసిడెంట్ గారి నోట ఏ మాట తిరిగొస్తే— ఆ మనిషే.

ప్రార్థనలో ఉండగా వచ్చింది. ప్రార్థనలో వచ్చిన ఆలోచన చెడ్డదెలా అవుతుంది?

ఆగస్టు 9

చెప్పేశాను.

ప్రకాశంతో— వ్యాన్ తీసేస్తారు. స్టీరింగ్ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. "మరి నేనండీ?"

దీవెనమ్మ గారితో— నేను మానేస్తున్నాను. నా రెండు చేతులూ పట్టుకున్నారు. "నా వల్లేమన్నా పొరపాటు జరిగిందా ఎస్తేరమ్మ గారూ?" కాదన్నాను. ఆవిడ నమ్మలేదు.

కరుణతో— ఆఫీసు బందరు నుంచి గుడివాడకు మారుస్తారు. "అలాగేనండి." అంతే! పిల్లల చదువులు బందర్లో, భర్త పని బందర్లో. ఒక్క ప్రశ్న లేదు. ముందే ఎవరో చెప్పినట్టు.

ఆగస్టు 10, ఆదివారం

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ప్రెసిడెంట్ గారు. "వందనాలమ్మా, కులాసాయేనా?"

కులాసా గురించి ఎందుకు అడిగినట్టు?

ఆగస్టు 12

ఆయనే ఆఫీసుకొచ్చారు. కూర్చున్నారు. దివిసీమలో నాట్లు, కాలవ నీళ్ళు, వాన. టీ తాగి వెళ్ళిపోయారు.

గుడివాడ ఊసు లేదు. వ్యాన్ ఊసు లేదు. నా ఊసు లేదు.

ఎవరూ ఏ మాటా మొయ్యలేదు. సంతోషపడాలి కదా. పడలేకపోతున్నాను… ముగ్గురూ కూడబలుక్కున్నారేమో.

ఆగస్టు 13

మధ్యాహ్నం దీవెనమ్మ గారు క్యారేజీ మూత తియ్యలేదు.

"తినరేం?"

"ఉపవాసమండీ. సోమవారం నుంచి మధ్యాహ్నాలు ఉంటున్నాను."

"ఎందుకు?"

"మీరు వెళ్ళకుండా."

నా అన్నం నేను తిన్నాను. నిజం అప్పుడే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఇది కూడా నటనేమోనని— ఔను, అదే అనుకున్నాను. ఇక్కడ కూడా రాసుకోకపోతే ఎక్కడ రాసుకుంటాను.

ఆగస్టు 14, గురువారం

ప్రకాశం రాలేదు. ఫోను స్విచాఫ్.

కరుణ తొమ్మిదింటికే అంది— "హంసలదీవిలో మాత్రలు అయిపోయుంటాయండీ. అవనిగడ్డ బస్సెక్కేద్దాం."

వద్దన్నాను. వస్తాడన్నాను. లోపల అనుకున్నది వేరు— ముగ్గురూ కలిసి ఆడుతున్న ఆట ఇది, నేను కంగారు పడితే చూడాలని. ఎలా రాడో చూద్దామని కుర్చీలో కూర్చున్నాను. కరుణ సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడే ఉంది.

"ఇంక నేనొక్కదాన్నే వెళ్తానండీ" అన్నాకే లేచాను. మధ్యాహ్నం అయింది. బస్సు, కోడూరులో దిగి ఆటో, వాన. వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది.

నాంచారయ్య గారు తువ్వాలు పళ్ళ మధ్య కరిచిపట్టి ఉన్నారు. గొంతులోంచి మనిషి మాట కాదు వచ్చేది. కరుణ చెప్పులు ఎక్కడ వదిలిందో, నేరుగా వెళ్ళి తల ఒళ్ళో పెట్టుకుంది. మందు పట్టింది.

"పొద్దుటేల నుంచీ రోడ్డు మీదే ఉన్నానమ్మా" అన్నారు కోటమ్మ గారు. ఏడవడం లేదు. "మందుల చీటీ మీద నంబరుకి, మీ పెద్దాయనకి చేద్దామనుకున్నా. మొన్నోసారి చేశాగా, మళ్ళీ చేస్తే బాగోదని ఊరుకున్నా."

"ఏం చెప్పారు మొన్న?"

"ఈ పిల్ల మీద మా ఇంట్లో అరవొద్దని మీకు చెప్పమన్నా. మీరరిస్తే మా ఆయన బెదిరిపోతన్నాడు. మీతోనే చెబ్దును, మీరేమంటారోనని…"

కరుణ తలెత్తింది. నా వైపు చూసింది. మళ్ళీ కట్టు మీదకి వంగింది.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. అవనిగడ్డలో ప్రకాశం ఫోను కలిసింది. గుడివాడ వెళ్ళాడు, స్కూలు బస్సు పని అడగడానికి. "వ్యాన్ పోద్దన్నారుగా మేడం. సెలవడిగితే ఎందుకంటారని… వేళకి వచ్చేద్దామనుకున్నానండీ. వాళ్ళు కూర్చోబెట్టేశారు. పామర్రులో బస్సు దొరకలా."

ఆగస్టు 15

జెండా వందనం అయ్యాక ప్రెసిడెంట్ గారింటికి.

"అవునమ్మా, ఆ కోటమ్మ గారే. నువ్వడిగితే అప్పుడే చెప్పేవాణ్ణిగా."

అడిగితే చెప్పేవారు. ఒక్క ప్రశ్న.

అంతా చెప్పాను. మూడు అబద్ధాలూ. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"నాకు చెప్పడం తేలికేనమ్మా. నీ కింద పనిచేసేవాణ్ణి కాదుగా. వాళ్ళ దగ్గరికెళ్ళు."

ఆగస్టు 18, సోమవారం

వాక్యం చదవలేదు. చదివితే దాని వెనక దాక్కుంటాను.

నిలబడే చెప్పాను. వ్యాన్ ఎక్కడికీ పోదు. ఆఫీసు మారదు. నేను మానెయ్యడం లేదు. మీలో ఎవరు చాడీలు చెప్పారో పట్టుకోవడానికి అలా చెప్పాను. ఎవరూ చెప్పలేదు.

దీవెనమ్మ గారి మొహం వెలిగింది— "అయితే వెళ్ళట్లేదన్నమాట! స్తోత్రం!" తర్వాత మిగతాది అర్థమైంది. కొంగుతో మూతి తుడుచుకుని కూర్చున్నారు. ఆ వెలుగు ఆరిపోవడం చూశాను.

ప్రకాశం— "స్కూలోళ్ళు రమ్మన్నారండీ. ఈ వారంలో చెప్పాలి." ఉండమని బతిమాలే మొహం నాకెక్కడిది?

కరుణ— "ముగ్గురిలో ఎక్కువ అనుమానం నా మీదేనా?"

"అవును."

"ఎందుకండీ?"

"నీకు రావాల్సిన పని నాకొచ్చింది కాబట్టి."

చేతిలో గాజుగుడ్డ కింద పెట్టింది. "గురువారం హంసలదీవిలో కూడా చెప్తారా? ఆ రోజు ఎందుకు ఆలస్యమైందో?"

ఆ ఇంటివాళ్ళకు చెప్పాలని నాకు తోచనే లేదు.

ఆగస్టు 19

గొర్రెలను ఎరగడమంటే మొహాలు చదవడమనుకున్నాను. అడగడం. ముందు అడగడం. ఇంత చిన్న సంగతి, బైబిలు స్టడీలు పెట్టే మనిషికి…

ఇదీ ప్రసంగంలా ఉంది. ఆపేస్తున్నాను.

ఆగస్టు 21, గురువారం

వ్యాన్ వచ్చింది. ప్రకాశం నడిపాడు. ఉంటాననలేదు, పోతాననలేదు.

చాప పక్కన కింద కూర్చుని చెప్పాను. నా అనుమానం వల్లే ఆలస్యం. ప్రకాశం వల్ల కాదు, వాన వల్ల కాదు. క్షమించమన్నాను. నాంచారయ్య గారు కళ్ళు మూసుకున్నారు. విన్నారు, అది తెలుస్తోంది.

కోటమ్మ గారు— "ఆ రోజు ఆయన పడ్డదానికి మీ క్షమాపణ ఏ మూలకొస్తదమ్మా?"

చాప అంచు మడత సరిచేశాను.

కాసేపటికి ఆవిడే— "కట్టు మాత్రం ఆ అమ్మాయినే కట్టనీండి. తొందర పెట్టమాకండి."

బేసిన్ పట్టుకున్నాను. కరుణ నెమ్మదిగా విప్పింది. ఎందుకంత నెమ్మదో దగ్గర్నుంచి చూస్తే తెలిసింది— ఆయన ఊపిరి వదిలినప్పుడే లాగుతోంది.

ఆగస్టు 22

ముగ్గురికీ ఒకేసారి, ఒకే మాట చెప్పాను. వచ్చే నెల నుంచి నాగాయలంక వైపు కూడా వెళ్ళాలి, కమిటీ నిన్న నిర్ణయించింది. ఎలా సర్దుకుందామో మీరే చెప్పండి.

దీవెనమ్మ గారు కరుణ వైపు చూశారు. ప్రకాశం కూడా. కరుణ ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు.

"ప్రెసిడెంట్ గారూ, వందనాలండీ. నాగాయలంక సంగతి ఎస్తేరు గారు చెప్పారు… అది నిజమేనాండీ?"

లోపలికొచ్చి కూర్చుంది.

"కనుక్కున్నానండీ. నిజమే."

"కనుక్కోవడం మంచిదే" అన్నాను.

మనసులోంచే అన్నానో, మంచి మనిషిలా కనబడాలని అన్నానో… కరుణ నా మొహంలోకే చూస్తోంది, అదేదో తేల్చుకుందామని.