ఇప్పపూల మూట

ఖమ్మం
మార్చి నెల

ప్రియమైన సంగీతకు,

క్షేమం. తాగుడు మాన్పించే ఈ కేంద్రంలో ఫోన్లు ఇవ్వరు. పెళ్లయిన ఇన్నేళ్లకు నీకు ఉత్తరం రాసే రాత పట్టింది. నవ్వకు.

ఇక్కడ హేమలత మేడం అని కౌన్సెలర్ ఉన్నారు. పొద్దున్నే మమ్మల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి హైకూలు రాయిస్తారు. జపాన్ వాళ్ల పొట్టి కవితలట, మూడే పాదాలు. "నిన్నటిది వద్దు, రేపటిది వద్దు. ఇప్పుడు కండ్ల ముందట ఏమున్నదో గదే రాయి. మనసు ఒక్కకాడ ఆగుతది" అంటారు. మిల్లులో వెదురు లారీలు దించేవాడికి కవిత్వమేమిటని మొదట నవ్వుకున్నాను. నిన్న ఇది రాశాను:

గోడ మీద చీమ
ఆగింది
నేనూ ఆగాను

రాసినంతసేపు తాగాలనిపించలేదు, ఒట్టు. సొంత ఊరి అడవి నుంచి ఏదైనా ఒకటి తెప్పించుకుని, చేత్తో పట్టుకుని, వాసన చూసి రాయమన్నారు. నీకు తోచింది పంపు. నెల దాటితే ఇంటికి పంపిస్తారు. ఈసారి మాట తప్పను.

నీ
కోటేష్

తండా నుంచి

ప్రియమైన కోటేష్‌కి,

నీ చీమను అత్తమ్మకు చదివి వినిపించాను. "మిల్లుకు పోయినోడు చీమల మీద పడ్డడేంది" అంది గానీ, రెండోసారి కూడా చదివించుకుంది.

ఇక్కడ ఇప్పపూలు రాలుతున్నాయి. తెల్లవారకముందే గంపలు పట్టుకుని ఇద్దరం అడవికి పోతున్నాం. మీ మేడం చెప్పినట్టు నేనూ చెట్టు కింద కూర్చుని పువ్వు రాలే చప్పుడు విన్నాను. నువ్వు మళ్లీ తాగుతావేమోనన్న భయం కాసేపు పోయింది. కాసేపే. ఈసారి కూడా నువ్వు తప్పితే నేను తట్టుకోలేను. బెదిరిస్తున్నానని అనుకోకు, నా వల్ల కాదు అంతే.

ఏం పంపాలని అడిగితే అత్తమ్మ ఎండిన ఇప్పపూలు మూట కట్టింది. "చిన్నప్పుడు పెంక మీద ఏంచి పెడితే గిన్నె నాకెటోడు. గివే పంపు బిడ్డా" అంది. బస్సు డ్రైవర్ బలరాం అన్నకు ఇచ్చాను. గేటు దగ్గర అడిగితే తినేవేనని చెప్పమన్నాను.

నీ కోసం చూసే
సంగీత

ఖమ్మం

ప్రియమైన సంగీతకు,

మూట అందింది. మేడం కూడా వాసన చూసి బాగుందన్నారు. ఆవిడది పట్నం.

అరచేతిలో ఇప్పపువ్వు
ముడతల్లో
అమ్మ వేళ్లు

కొంచెం బెల్లం కూడా పంపు. నమలడానికి.

నీ
కోటేష్

తండా నుంచి

ప్రియమైన కోటేష్‌కి,

బెల్లం పంపాను కదా, తర్వాత నీ జాబే లేదు. అత్తమ్మ రోజూ "చీమ గురించి ఏమన్న రాసిండా" అని అడుగుతోంది. కవిత లేకపోయినా పర్వాలేదు, బాగున్నానని ఒక్క ముక్క రాయి. నాకు అన్నం దిగడం లేదు.

నీ
సంగీత

ఖమ్మం బస్టాండు

ప్రియమైన సంగీతకు,

బెల్లం నమలడానికి కాదు. నీళ్ల సీసాలో పూలు, బెల్లం వేసి పులియడానికి మంచం కింద దాచాను. ఆ పని మన దగ్గర ఎవరికి తెలియదు?

మొదట మంచిగానే పువ్వు పట్టుకున్నాను. మేడం చెప్పినట్టే ఇంకేదీ తలచుకోకుండా వాసన చూశాను. చివరికి వాసన తప్ప ఏమీ మిగల్లేదు. నువ్వూ మిగల్లేదు, అమ్మా మిగల్లేదు. రోజూ వంగి సీసాలో పొంగే నురగను చూశాను. నా బతుకులో దేన్నీ అంత శ్రద్ధగా చూడలేదు. తాగాను. దొరికిపోయాను. మేడం తిట్టలేదు, తిడితే బాగుండేది. అక్కడి నియమం ప్రకారం పంపించేశారు.

మీరు పంపింది తిండి. దాన్ని సారా చేసింది నేను. అమ్మకు మాత్రం చెప్పకు, తెలిస్తే ఇక ఆమె ఇప్పపువ్వు ముట్టదు.

పొద్దుటి నుంచి ఇక్కడే కూర్చున్నాను. ఎదురుగా బ్రాందీ షాపు ఉంది, అటు పోలేదు. మన దిక్కు బస్సులు పోతున్నాయి, అవీ ఎక్కలేదు. నిన్ను ఏ ముఖంతో చూడాలో తెలియడం లేదు. ఇక్కడే ఎంతసేపు ఆగగలనో కూడా తెలియదు. ఇప్పుడే బలరాం అన్న వచ్చి, "ఎక్కు తమ్మీ, ఇంటికి పోదాం" అన్నాడు. ఈ కాగితం అతని చేతిలో పెడుతున్నాను.

బస్సు తలుపు తెరిచే ఉంది
ఉత్తరం ఎక్కింది
నా చెప్పులు ఇక్కడే

కోటేష్