సునీత అడిగిన ప్రశ్న

మంగళవారం, చంద్రపూర్

పొద్దున క్లాసులో సోవియట్ రాజ్యాంగం చెప్పాను. అందులో వాక్‌స్వాతంత్ర్యం ఉందని, కానీ దాన్ని సోషలిస్టు వ్యవస్థను బలపరచడానికే వాడుకోవాలని కూడా అందులోనే రాసి ఉందని చెప్పాను. సునీత లేచి, "మరి వ్యవస్థే తప్పు చేస్తే ఏం మాట్లాడాలి సార్?" అని మరాఠీలో అడిగింది. ఇన్నేళ్లలో నన్నెవరూ అలా అడగలేదు. గంట కొట్టాక కూడా సంతోషంగా చెబుతూనే ఉన్నాను.

సాయంత్రం వాళ్ల నాన్న మల్లయ్య ఘుగ్గుస్ నుంచి మా ఇంటికి వచ్చాడు. వాళ్లూ మాలాగే తెలుగువాళ్లు. అక్కడి బొగ్గు గనిలో కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు, ఇక్కడ ఠేకేదారు అంటారు. డ్యూటీ బట్టలతోనే వచ్చి, కుర్చీ వేసినా కూర్చోలేదు.

"సార్, మా పోరి కాలేజీల కమ్యూనిస్టుల ముచ్చట అడిగిందట గద. ఎవడో వీడియో తీసి పెట్టిండు. నీ బిడ్డ ఎవరితోని తిరుగుతుందని ఠేకేదారు నన్ను పిలిచి అడిగిండు."

"అది సిలబస్‌ల ఉన్న పాఠమే మల్లయ్యా. బిడ్డ తప్పేం లేదు."

"నాకెరుకనే సార్. గాయనకు ఎవరు చెప్పాలె? జర గిసొంటి ప్రశ్నలు అడగొద్దని దానికి మీరే చెప్పుండ్రి. మీ మాటైతే ఇంటది."

ఠేకేదారుతో నేనే మాట్లాడతానని అనాల్సింది. ఆ వీడియోలో నా గొంతు కూడా ఉంటుంది కదా అన్న భయమే ముందు వచ్చింది. "సరే, చెప్త" అన్నాను. మల్లయ్య దండం పెట్టి వెళ్లాడు.

ఇందాక సునీత మెసేజ్ పెట్టింది. "సార్, రేపు ఇంకో ప్రశ్న అడగాలి" అని.

ఫోన్ బోర్లా పెట్టాను.