నా మీద అర్జీ

చోడవరం,
8-7-1971

శ్రీవారికి రాజ్యం నమస్కరించి రాయునది.

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. తప్పులు దిద్దుకుని చదవండి. ఇక్కడ అందరం క్షేమం. చెప్పడానికి సిగ్గుగా ఉంది. వీధి కుళాయి దగ్గర నేను అరిచి అల్లరి చేశానని పక్కింటి అచ్చియ్యమ్మ పిన్ని నా మీద పోలీసులకు అర్జీ పెట్టింది. కానిస్టేబులు ఇంటికి వచ్చి అడిగి వెళ్లాడు. ఆ అర్జీ నకలు నాకు కావాలి. ఎలా అడగాలో రాయండి.

ఇది చదివి కాల్చేయండి.

రాజ్యం

తా.క.: అత్తయ్యగారు ఆ కానిస్టేబులును కుళాయిలు బాగుచేసేవాడనుకుని, నీళ్లు సన్నంగా వస్తున్నాయని దులిపేశారు. ఆవిడ మీద కూడా అర్జీ పడనందుకు సంతోషించండి.

విశాఖపట్నం,
13-7-1971

చి.ల.సౌ. రాజ్యానికి ఆశీస్సులు.

వంటింట్లో పిల్లిని తోలడానికి నన్ను పిలిచేదానివి, నువ్వు అరవడమేమిటి? రిక్షావాడితో బేరమాడే నోరు వచ్చాక ఇక్కడికి తీసుకొస్తానని కదా నిన్ను అక్కడ ఉంచాను! అది వేరే రాజ్యం అయివుంటుంది. భయపడకు. మా నాన్నను తోడు తీసుకుని స్టేషనుకు వెళ్లు. స్టాంపు అంటించి దరఖాస్తు ఇస్తే నకలు ఇస్తారు. అది చేతికొస్తే, అంతా అబద్ధమని నేను తేలుస్తాను.

గణపతిరావు

తా.క.: పోర్టులో మా మేస్త్రీకి చెప్పాను. నోరులేని పిల్లకు ఎంత కష్టమొచ్చిందని జాలిపడి, 25వ తేదీ ఆదివారం సెలవిచ్చాడు.

చోడవరం,
20-7-1971

శ్రీవారికి రాజ్యం నమస్కారాలు.

నా రాత గురించి ఈసారి ఏమీ అనుకోవద్దని అడగను. కారణం కింద ఉంది.

స్టేషనులో మావయ్యగారి వెనకాల నక్కి నిలబడ్డాను. హెడ్ కానిస్టేబులు గారు నన్ను చూసి నవ్వారు.

"ఈ గుంటపిల్లేటి, అరవడమేటి? ఉత్త అబద్ధం. ఈ అర్జీ సింపేస్తాను," అన్నారు.

"సింపకండి బాబూ! నేనే అరిసేను!" అన్నాను. బయట జట్కా గుర్రం బెదిరింది. మావయ్యగారు బల్ల మీద కూలబడ్డారు.

నిజమేనండి. పిన్ని రోజూ నా బిందె వెనక్కి తోసి తన బిందె పెట్టేది. ఆ రోజు ఎక్కడి నుంచి వచ్చిందో, నోరు వచ్చేసింది. వీధి వీధంతా బయటికి వచ్చింది.

నకలు ఇచ్చారు. నాకు నోరుందని గుండ్రటి సర్కారు ముద్ర పడింది. ఆదివారం ఎలాగూ సెలవే కదా, వచ్చి తీసుకెళ్లండి. రిక్షా నేను మాట్లాడతాను.

ఈ ఉత్తరం కాల్చకండి. దాచండి.

రాజ్యం

తా.క.: అర్జీ చూసి హెడ్ గారు, "ఎవలు రాసేరిది, కోడి కెలికినట్టు?" అన్నారు. పిన్నికి చదువు రాదు. మన వీధిలో అందరికీ రాసిపెట్టేది నేనే కదా. కుళాయి దగ్గర నుంచి తిన్నగా మన గుమ్మంలోకి వచ్చి, "ఒసే, నీ మీద అర్జీ ఎట్టాల, కాయితం తియ్యి," అంది. తీశాను. ఆవిడ చెప్పింది రెండు ముక్కలే. "మహా గయ్యాళి" అన్నది నేను కలిపాను.