శాంత ఇంటి తాళం

వరంగల్లు,
కాశిబుగ్గ పక్కన కొత్త క్వార్టర్లు.

పెద్దవాడైన అన్నకు, చెల్లె ఆండాళు దూరం నుంచే కాళ్ళకు మొక్కి రాస్తున్నది.

ఇక్కడ మేమందరం బాగున్నాం. నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాం. నువ్వు జవాబు రాయవు గనుక అనుకోవడం తప్ప మాకు వేరే దారి లేదు. మోకాళ్ళ నొప్పి ఎట్లున్నది? తెగిన చెరువుకట్ట మీద గుడిసె వేసుకొని ఒక్కడివే ఉంటున్నావని వర్ధన్నపేట బస్సులో వచ్చినవాళ్ళు చెప్తూనే ఉన్నారు. చలి పోయి ఎండలు ముదిరినయి. కట్ట మీద నీడెక్కడిది? నెత్తికి రుమాలు చుట్టుకో. పొద్దున ఇంత అంబలి తాగు. మా గురించి ఫికర్ పెట్టుకోకు, మేము బాగున్నాం.

ఒక మాట ముందే చెప్తాను. శాంత ఇంటికి నువ్వు వేసిపోయిన తాళం పగులగొట్టినాను. రోకలితో నేనే పగులగొట్టినాను, ఇంకెవరూ కాదు. ఉత్తరం కింద పడెయ్యకు. మిగతాది చదివి తర్వాత తిట్టు. వరుసగా చెప్పకపోతే నీకు కోపం ముందు వస్తుంది, కారణం వెనక వస్తుంది. చిన్నప్పటి నుంచీ అదే నీ అలవాటు.

మొదట ఇంటి సంగతులు. నా కొడుకు రాజయ్య గింజల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా కుదిరినాడు. మన దుకాణంలో యజమానిగా కూర్చున్నప్పుడు తక్కెడ కూడా సరిగ్గా పట్టరాకపోయేది, ఇప్పుడు పరాయివాడి దగ్గర ఒళ్ళు వంచి పని చేస్తున్నాడు. కోడలు సరోజ నల్లా దగ్గర రోజూ ఎవరితోనో ఒకరితో కొట్లాడి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నదని దానివల్లనే తెలుస్తున్నది. మనుమరాలు శారదను బడిలో వేసినాం. అక్కడి పిల్లలు మనవాళ్ళను 'కట్ట తెగినోళ్ళు' అని పిలుస్తారట. ఇంటికి వచ్చి ఏడిస్తే, "అబద్ధమైతే ఏడువు, నిజానికి ఏడ్చుడేంది" అన్నాను. అది చాటుకు పోయిన తర్వాత నేను ఏడ్చినాను. ఇంట్లో కరెంటు బుగ్గ వెలుగుతుంది. ఒక్కటే ఇబ్బంది, మిల్లు కూతకు నేను రోజూ ఉలిక్కిపడి లేస్తాను. కట్ట తెగిన రోజు దాని మీది నుంచి అరిచిన అరుపులు నేను వినలేదు కదా, తొర్రూరులో పెళ్ళి విందులో కూర్చొని ఉన్నాను. వినని అరుపు ఎట్లుంటుందో ఈ కూత నాకు రోజూ చెప్తున్నది.

ఈ ఇండ్లు మన కోసం కట్టినవి కావని నీకు తెలుసు. మిల్లు కార్మికుల కోసం సర్కారు ఇచ్చిన పైసలతో లేచినయి. డబ్బుకు కూడా కులగోత్రాలుంటాయని నాకు ఈ ఊరికి వచ్చినాకనే తెలిసింది. మిల్లువాళ్ళ పేరు మీద వచ్చిన రూపాయి వరదవాళ్ళను ముట్టుకోవద్దట. మన తహసీల్దారు, ఆ గుంటూరు వైపు పిల్లగాడు, హైదరాబాదుకు కాగితాల మీద కాగితాలు రాసి ఆ రూపాయిని మనకు దత్తత ఇప్పించినాడు. మనవాళ్ళు సొంతంగా గోడలు లేపుకొనేదాకా ఈ లైనులో ఉండవచ్చునని ఒప్పించినాడు. చుట్టూ ప్రహరీ గోడ కోసం పెట్టిన డబ్బుతో బావి తవ్వించినాడు. గోడ లేకపోతే దొంగలు పడరా అని పైనుంచి అడిగితే, వీళ్ళ దగ్గర ఎత్తుకపోవడానికి ఏం మిగిలిందండీ అని జవాబు ఇచ్చినాడట. అతని తెలుగు నాకు సగమే అర్థమవుతుంది గాని మనిషి మంచివాడు.

ఇండ్లు పంచిననాడు నువ్వూ ఇక్కడే ఉన్నావు. చీటీలు వేద్దామంటే మనవాళ్ళు వినలేదు. "మా వాడకట్టు ఎట్లున్నదో గట్లనే కూసుంటం, పక్కింటోళ్ళు మారితే మాకు నిద్ర పట్టది" అన్నారు. వాళ్ళలోంచి వీరయ్య నిలబడి కింది వాడ వరుస ఒప్పజెప్పినాడు. కళ్ళు మూసుకొని మన గల్లీలో నడుస్తున్నట్టే చెప్పుకుంటూ వచ్చి, "ఆండాళక్క ఇల్లు, దాని పక్క సత్యం ఇల్లు" అని అలవాటు కొద్దీ అనేసినాడు. నీ కొడుకు పేరు, నా అల్లుడి పేరు. సత్యం, శాంత, ఇద్దరు పిల్లలు అప్పటికే నీళ్ళల్లో పోయి నెలలైంది. ఆ వరుస తప్పని ఒక్కరూ అనలేదు. నువ్వు అనలేదు, నేనూ అనలేదు. చచ్చినవాళ్ళకు సర్కారు ఇల్లు వచ్చింది. నువ్వు బజారుకు పోయి తాళం కొని తెచ్చి వేసి, చెవి మొలతాడుకు కట్టుకొని వెళ్ళిపోయినావు.

ఆ ఇంటి ముందు రోజూ సరోజతో సానుపు చల్లించి ముగ్గు వేయించినాను. లైనులో ఎవరూ వద్దనలేదు. అసలు సంగతి అది కాదు అన్నా, చప్పుడు సంగతి చెప్పాలి.

నాన్న ఇల్లు మనం పంచుకున్నప్పుడు నడుమ గోడ లేపుతూ, మేస్త్రీని కోప్పడి ఒక బెజ్జం విడిపించింది నువ్వే. ఆ బెజ్జంలోంచి నిప్పులు ఇచ్చుకున్నాం, కూర గిన్నెలు ఇచ్చుకున్నాం. శాంత పెళ్ళయి గోడకు ఇవతలి నుంచి అవతలికి పోయింది, అత్తారింటికి పంపుతూ ఏడ్వడానికి కూడా నాకు దూరం మిగలలేదు. దానికి ఏదన్నా కావాలంటే పిలిచేది కాదు. గిన్నె అంచుతో గోడ మీద టకటకమని కొట్టేది. 'నోరు లేదా నీకు' అని నేను తిడుతూనే లేచేదాన్ని.

ఇక్కడి గోడకు బెజ్జం లేదు. చప్పుడు మాత్రం వచ్చింది. మధ్యాహ్నం పొయ్యి దించే వేళకు, అదే టకటక. కాశిబుగ్గ మగ్గాల చప్పుడేమో అనుకున్నాను. చదువుకున్నదాన్ని, దయ్యాలను నమ్మితే నాన్న పేరు చెడుతుంది. కాని మగ్గం ఆగకుండా ఆడుతుంది. ఇది కొట్టి ఆగుతుంది, నేను లేచేదాకా చూసినట్టుగా. ఒకనాడు పప్పు గిన్నె పట్టుకొని ఆ గోడ ముందు నిలబడి ఉండగా సరోజ చూసింది. నా చేతిలోంచి గిన్నె తీసుకున్నది. మరునాటి నుంచి అదే ఇంత కూర గిన్నెలో పోసి గోడవార పెట్టడం మొదలుపెట్టింది. నాతో కొట్లాడని కోడలిని చూస్తే నాకు భయం వేసింది.

ఇట్లుండగా ఉగాది దాటిన తర్వాత తహసీల్దారు వచ్చి మా గడప మీద కూర్చున్నాడు. చాలాసేపు చెమట తుడుచుకున్నాడు.

"మామ్మగారూ, మీ మనసు కష్టపెట్టాలని కాదండీ. మా పై ఆఫీసరు, పెద్దాయన, లైను చూడ్డానికి వస్తున్నారు. అవతల మిల్లువాళ్ళు మా ఇళ్ళు మాకివ్వమని అడుగుతున్నారు. ఒక్క ఇంటికి తాళం కనబడిందంటే, వీళ్ళకి ఇళ్ళు అవసరం లేదు గాబోలు అనుకుంటారండీ. నేను తెచ్చిన పర్మిషను మొత్తం పోతుంది."

"అంటే మమ్ములనందరినీ మల్ల రోడ్డు మీదికి తోల్తరా?" అన్నాను.

తల వంచుకున్నాడు. పిల్లలున్నవాడే పాపం.

సాయంత్రం లైనులో మగవాళ్ళంతా కూడినారు. వీరయ్య నా ముఖం చూడకుండా నేలతో మాట్లాడినాడు. "అక్కా, తాళం తీద్దామని మేమంటలేం. దండెం మీద రెండు బట్టలారేస్తం, పొయ్యిల పొగ బెడుతం. మనుషులున్నట్టే కనబడుతది."

"చచ్చినోళ్ళతోని సర్కారుకు సాక్ష్యం చెప్పిస్తవారా? బతికినన్నాళ్ళు నా బిడ్డ ఒక్క అబద్ధమాడలే. ఇప్పుడు నీకోసం ఆడాల్నా?" అన్నాను. వీరయ్య ఏడ్చినాడు. ఆ రోజు వరుస చెప్పిన నోరు పడిపోయినా బాగుండునన్నాడు. నీ నోరు పడిపోతే ఊరి కబుర్లు ఎవరు మోస్తార్రా అని కసిరినాను.

నీకు కబురు పంపినాను, గుర్తున్నదా? నువ్వే వచ్చి ఆ ఇంట్లో ఉండు, తాళమూ నీదే, కొడుకూ నీవాడే అని. నువ్వు బస్సువాడితో ఏం చెప్పి పంపినావు? "అది పిల్లల ఇల్లు. తాళం నేనే తీస్త, వాళ్ళు దొరికినంక." అన్నా, ఆ రోజు మట్టి మూటలు మోసి మోసి నీ భుజాలు పుండ్లయినయి. ఊరందరినీ కాపాడుతున్నానని కట్ట మీద నిలబడ్డావు. పిల్లవాడికి జ్వరమని శాంత మాతో తొర్రూరు పెళ్ళికి రాలేదు, ఇంట్లోనే ఉండిపోయింది. ఇందులో నీ తప్పు ఎక్కడున్నదో వెతుక్కోవడానికే నువ్వు అక్కడ ఉన్నావు. నాకు తెలుసు. వదిన ముందే పోయి అదృష్టవంతురాలయింది.

నీ జవాబు వచ్చిన మరునాడు నేను బడికి నడుచుకుంటూ పోయినాను. మన కంటే దిగువ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఇండ్లు దొరకక ఇంకా ఆ బడి వరండాలోనే తలదాచుకుంటున్నారు. అందులో ఒక నేతపని జంట. పిల్ల పేరు కమల, నిండు నెలలు. స్తంభానికి ఆనుకొని కూర్చున్నది.

"మీ ఊరికి నీళ్ళు ఎటు దిక్కు నుంచి వచ్చినయి బిడ్డా?" అని అడిగినాను.

"మీ చెరువు దిక్కు నుంచే అవ్వా. గోడలు పడ్డంక తెల్లారి చూస్తే మా వాకిట్ల అన్నీ తలుపులే. ఎవలి తలుపులో ఏమో."

ఏ రంగువి అన్న మాట నోటిదాకా వచ్చింది. అడగలేదు. నా బిడ్డ ఇంటి మీదుగా పోయిన నీళ్ళే ఈ పిల్ల ఇంటిని కూల్చినయి. దీన్ని మించిన చుట్టరికం ఇంకేం కావాలి?

ఆ మధ్యాహ్నమే వాళ్ళిద్దరినీ పిలుచుకొచ్చి రోకలి పట్టుకున్నాను. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో కొండి వంగింది. లైనంతా నిలబడి చూసింది, ఒక్కరు సాయం రాలేదు, నేను రానియ్యలేదు. లోపల ఏమీ లేదు అన్నా. సున్నం వాసన, మూలకు ఒక సాలెగూడు. ఏముంటుందనుకున్నానో నాకే తెలియదు.

కమల పాలు పొంగించడానికి నన్ను రమ్మన్నది. "నా బిడ్డ పోయి ఏడాది నిండలేదు, నా చెయ్యి మంచిది కాదు" అన్నాను. ఆ పిల్ల గిన్నె నా చేతికే ఇచ్చి, "నీళ్ళల్ల నుంచి వచ్చినోళ్ళకు మైల యాడిది అవ్వా? అన్నీ కడుక్కపోయినయి గద" అన్నది. ఇంత మాట మన పురోహితుడు కూడా చెప్పలేడు. పాలు పొంగినయి.

పెద్దాయన వచ్చి చూసి పోయినాడు. కమలను, దాని కడుపును, పొయ్యి మీద గిన్నెను చూసినాడు. ఇంకొన్నాళ్ళు ఉండవచ్చునని చెప్పినాడు. తహసీల్దారు పోతూ పోతూ నాకు దండం పెట్టినాడు. తర్వాతి వారం కమల దవాఖానలో ఆడపిల్లను కన్నది. శాంత పేరు పెడతామన్నారు. వద్దన్నాను. ఆ పేరు ఇంకా వాడుకలోనే ఉన్నదని చెప్పినాను.

ఇప్పుడు కమల కూడా గోడ మీదే కొడుతుంది, నిప్పుకనో ఉప్పుకనో. దానికి ఎవరూ చెప్పలేదు. అరచేత్తో కొడుతుంది, మెత్తగా.

ఆ పాత చప్పుడు ఆగిపోయింది.

దీని కోసమే ఇంత రాసినాను. తాళం పగిలిననాటి నుంచి మళ్ళీ వినపడలేదు. మధ్యాహ్నం పొయ్యి దించి చెవి గోడకు ఆనించి కూర్చుంటున్నాను. చంటిపిల్ల ఏడుపు వినపడుతుంది, కమల జోల వినపడుతుంది, అంతే. నేను వాళ్ళను వెళ్ళగొట్టినానా? బతికున్నవాళ్ళకు చోటిచ్చి నా బిడ్డను బయట నిలబెట్టినానా? పగలు ఇట్లాంటి మాట ఎవరన్నా అంటే నేనే నవ్వుతాను. నువ్వు నవ్వవు గనుక నీకు రాస్తున్నాను. ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళు అక్కడికి, నీ దగ్గరికి వచ్చినారా? గుడిసె దగ్గర ఏమన్నా వినపడుతున్నదా? వినపడితే ఒక్క ముక్క రాయి. వినపడకపోయినా రాయి.

వచ్చేవాళ్ళతో మన ఊళ్ళో మునగని పైగడ్డ చింతచెట్టు పండు ఇంత పంపించు. ఇక్కడి బజారు చింతపండు అంతా గింజలే. ముగ్గురాయి కూడా పంపు. పైగడ్డ మీది పెద్దలందరికీ నా నమస్కారాలు చెప్పు, పిల్లలకు దీవెనలు. శారద నీకు దండాలు చెప్పమన్నది. మా నెత్తి మీద నీ చెయ్యి ఉండాలి, తాళం పగులగొట్టిన నా మీద కూడా.

తిట్టాలనుకుంటే ఇక్కడికి వచ్చి తిట్టు. ఉత్తరంలో తిడితే చదివేది నేనే కదా, మంచి మాటలుగా మార్చుకొని చదువుకుంటాను. వచ్చేటప్పుడు వాళ్ళు నీ దగ్గర ఉంటే వెంటబెట్టుకొని రా. అవతలి ఇల్లు నిండింది గాని, గోడకు ఇవతల మా ఇంట్లో చోటున్నది.

నీ తాళాన్ని బజారులో బాగు చేయించినాను. కొండే వంగింది, లోపల ఏమీ కాలేదన్నాడు. రెండో చెవి చేయించుకొని, మేము బయటికి పోయినప్పుడు మా తలుపుకు వేసుకుంటున్నాం. నీ మొలతాడుకు ఉన్న చెవి దానికి ఇంకా పడుతుంది. మేము ఉంటే తలుపు తీసే ఉంటుంది, లేకపోతే నువ్వే తీసుకొని లోపలికి రా. ఏదైనా సరే, బయట నిలబడి తలుపు మాత్రం కొట్టకు. ఆ చప్పుడు వింటే వచ్చింది నువ్వని నేను అనుకోను.

ఇట్లు,
నీ చెల్లె
ఆండాళు